సంక్రాంతికి పూయాలంటే అక్టోబర్‌లోనే విత్తాలి: ఇంట్లో చలికాలపు పూలతోట

డిసెంబర్ రాగానే నర్సరీ ముందు బండి ఆపి, విరగబూసిన పెటూనియా కుండీలు రెండు కొనుక్కొచ్చి, పది రోజుల్లో ఎండబెట్టుకునేవాళ్లు ఏటా అడిగే ప్రశ్న ఒకటే: "మా ఇంట్లో ఎందుకు నిలవట్లేదు?" మీ చెయ్యి మంచిదే. మొదలుపెట్టే నెలే తప్పు. చలికాలంలో పూసే మొక్కకి వేళ్లూ కొమ్మలూ సెప్టెంబర్ నుంచి నవంబర్ లోపలే తయారవ్వాలి. డిసెంబర్‌లో మనం చూసేది ఆ పని ఫలితం మాత్రమే.

ఇది హైదరాబాద్‌లో ఒక మామూలు మిద్దెతోట లెక్క. బాల్కనీ అయినా, పెరడు అయినా వరుస ఇదే. మీ ఊరిని బట్టి ఎక్కడ మార్చుకోవాలో మధ్యలో చెప్పాను.

## 1. ముందు తేదీ అనుకోండి, అక్కడి నుంచి వెనక్కి లెక్కేయండి

"ఎప్పుడు విత్తాలి?" అని మొదలుపెడితే జవాబు తేలదు. "ఎప్పటికి పూలు కావాలి?" అని మొదలుపెట్టండి.

జనవరి 14కి గొబ్బెమ్మల మీద మన ఇంటి బంతిపూలే పెట్టాలనుకుందాం. లెక్క ఇలా నడుస్తుంది:

- జనవరి మొదటి, రెండో వారం: పూలు
- నవంబర్ 20–25: తల తుంచడం (చివరి చిగురు తీసేయడం, 7లో చెప్తాను)
- నవంబర్ 1–5: నారు కుండీలోకి మార్చడం
- అక్టోబర్ 5–10: విత్తనం వేయడం

పది రోజుల తేడాతో రెండు విడతలు విత్తుకుంటే ఒకటి అటూ ఇటూ అయినా రెండోది ఆదుకుంటుంది. పండగ అయిపోయాక కూడా పూలుంటాయి.

మిగతావాటికి స్థూలంగా:

- పెటూనియా, డయాంథస్, ఫ్లాక్స్, సాల్వియా: విత్తనం నుంచి పూలకి రెండున్నర, మూడు నెలలు. సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మొదటివారం లోపల విత్తాలి.
- ఆస్టర్: మూడు నెలల పైమాట. సెప్టెంబర్ దాటనివ్వొద్దు.
- జీనియా, కాస్మోస్: రెండు నెలలు చాలు. నేరుగా కుండీలోనే వేయొచ్చు.
- గ్లాడియోలస్: దుంప పెట్టాక రెండు నుంచి మూడు నెలలు. అక్టోబర్‌లో పెట్టండి, రెండు మూడు అంగుళాల లోతులో.
- డాలియా: సెప్టెంబర్, అక్టోబర్‌లలో దుంప గానీ అంటు గానీ. దుంప కొనేటప్పుడు మెడ దగ్గర మొలక కన్ను ఉందో లేదో చూడండి. ఎంత లావుగా ఉన్నా కన్ను లేని దుంప చిలగడదుంపతో సమానం.
- డిసెంబరాలు: వానాకాలంలో కొమ్మ గుచ్చితే చాలు, బతుకుతుంది. ఒకసారి పెడితే ఏళ్ల తరబడి ఉంటుంది. తోటపని కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు దీన్నే పెట్టమంటాను.

చామంతిది వేరే కథ, కింద విడిగా చెప్తాను.

## 2. డిసెంబర్ ఎండ ఎక్కడ పడుతుందో ఇప్పుడే చూసుకోండి

ఈ పని మానేసి నష్టపోయినవాళ్లే ఎక్కువ. ఈ మొక్కలకి రోజుకి అయిదారు గంటల నేరు ఎండ కావాలి. సెప్టెంబర్‌లో ఎండ చూసి కుండీలు సర్దేస్తాం, డిసెంబర్‌కి సూర్యుడు దక్షిణానికి జరిగిపోతాడు. అప్పటిదాకా ఎండలో ఉన్న మూల నీడలోకి వెళ్లిపోతుంది.

హైదరాబాద్‌లో డిసెంబర్ ఆఖరి వారాల్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నెత్తిమీదికి రాడు, దాదాపు యాభై డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. మీ దక్షిణపు పిట్టగోడ మూడడుగులుంటే దాని నీడ రెండున్నర అడుగుల దాకా డాబా మీద పడుతుంది. ఆ గోడకి ఆనించి నేలమీద పెట్టిన కుండీకి చలికాలమంతా ఎండ తగలదు. దాన్ని మూడడుగులు ఇవతలికి జరపండి, లేదా ఇటుకల మీద ఎత్తులో పెట్టండి. వాటర్ ట్యాంకు నీడ, పక్కింటి అపార్ట్‌మెంటు నీడ ఇంకా పొడుగు.

ఉత్తరం వైపు బాల్కనీ మాత్రమే ఉన్నవాళ్లు ఈ మొక్కల కోసం డబ్బు తగలేయకండి. తూర్పు, దక్షిణం బాగుంటాయి. పడమర పరవాలేదు.

## 3. మీ ఊరి చలిని బట్టి మొక్క

హైదరాబాద్, వరంగల్, కరీంనగర్ వైపు పై జాబితా అంతా వస్తుంది. ఆదిలాబాద్, అరకు లాంటి చోట్ల పాన్సీ కూడా హాయిగా పూస్తుంది. విజయవాడ, రాజమండ్రి, మచిలీపట్నంలో రాత్రి చలి తక్కువ కాబట్టి పాన్సీ మీద ఆశ పెట్టుకోకండి. బంతి, జీనియా, కాస్మోస్, డిసెంబరాలు, చామంతి నమ్మకమైనవి. పెటూనియా వస్తుంది గానీ కాస్త ఆలస్యంగా, డిసెంబర్ మధ్యలో ఊపందుకుంటుంది.

నెల్లూరు, తిరుపతి వాళ్లకి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలుంటాయి. నారు ట్రేలు తప్పనిసరిగా చూరు కింద పెట్టుకోండి. తుపాను కబురు వినపడితే కుండీలు గోడవారకి చేర్చి, పొడుగు మొక్కల్ని పక్కకి పడుకోబెట్టేయండి. విరిగేకంటే అది నయం.

## 4. మట్టి కలపడం

వారం ముందే కలిపి పెట్టుకోవాలి. నేను వాడే కొలత, ఏదైనా ఒక తట్టతో:

- ఎర్రమట్టి: రెండు తట్టలు
- కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు): ఒక తట్ట
- వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) లేదా బాగా చివికిన పశువుల ఎరువు: ఒకటిన్నర తట్ట
- వేపపిండి: పన్నెండు అంగుళాల కుండీకి ఒక గుప్పెడు

మీకు దొరికేది నల్లరేగడి అయితే ఒక తట్టకి తగ్గించి, ఆ మేరకు ముతక ఇసుక కలపండి. రేగడి ఒక్కటే కుండీలో పోస్తే తడిసినప్పుడు బురద, ఎండితే బండ.

కోకోపీట్ దిమ్మని నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఒకసారి కడగండి. ఉప్పు ఉంటుంది. కడగకుండా వాడితే చిన్న మొక్కల ఆకుల అంచులు మాడతాయి, మనం ఎండ ఎక్కువైందనుకుంటాం.

పశువుల ఎరువు చివికిందో లేదో చేత్తో చూడండి. పిడికిట్లో నలిపితే టీపొడిలా రాలాలి, పేడ వాసన ఉండకూడదు. వాసన వస్తే ఇంకో నెల పక్కన పెట్టండి. పచ్చి ఎరువుతో వేళ్లు మాడతాయి, వేరుపురుగు కూడా వస్తుంది.

కుండీలు: బంతి, పెటూనియాకి పది నుంచి పన్నెండు అంగుళాలవి. డాలియా, గులాబీకి పద్నాలుగు. అడుగున రంధ్రాలు నిజంగా తెరుచుకుని ఉన్నాయో లేదో చూడండి. ప్లాస్టిక్ కుండీల్లో సగం వాటికి గుర్తు మాత్రమే ఉంటుంది, మనమే మేకు కాల్చి పొడవాలి.

## 5. నారు పోయడం

కావలసినవి:

- గుంతల ట్రే, లేదా అడుగున చిల్లులు పెట్టిన స్వీట్ డబ్బా
- కడిగిన కోకోపీట్, జల్లించిన వర్మీకంపోస్ట్ చెరి సగం
- పిచికారీ సీసా
- పాత న్యూస్‌పేపర్

మిశ్రమాన్ని ముందే తడిపి నింపండి. బంతి విత్తనం నల్లగా సూదిలా, తెల్ల తోకతో ఉంటుంది. గుంతకి ఒకటి, వేలి గోరంత లోతులో వేసి కప్పండి. నాలుగు నుంచి ఆరు రోజుల్లో మొలక.

పెటూనియాకి అలా చేస్తే ఒక్కటీ రాదు. దాని విత్తనం ధూళిలా ఉంటుంది, మొలవడానికి వెలుగు కావాలి. తడిమట్టి మీద చల్లి వదిలేయండి, పైన ఏమీ కప్పొద్దు. పైనుంచి నీళ్లు పోస్తే ఓ మూలకి కొట్టుకుపోతాయి కాబట్టి ట్రేని నీళ్లున్న పళ్లెంలో పెట్టి కిందనుంచి పీల్చుకోనివ్వండి. మొదటిసారైతే పెటూనియాని నారుగానే కొనుక్కోండి, అందులో నామోషీ లేదు.

బంతి ట్రే మీద న్యూస్‌పేపర్ కప్పి, రోజూ పొద్దున ఎత్తి చూడండి. మొదటి మొలక తల ఎత్తిన రోజే పేపర్ తీసేసి ట్రేని వెలుగులోకి తేవాలి. ఒక్కరోజు మరిచిపోతే కాడలు తెల్లగా, దారంలా సాగిపోతాయి. ఆ నారు ఇక లావెక్కదు.

నారు మొదలు దగ్గర నీరుకారి, సన్నబడి, పక్కకి వాలిపోతుంటే అది నారుకుళ్లు. తడి ఎక్కువై వస్తుంది. పడిపోయినవి తీసేయండి, నీళ్లు ఆపండి, గాలి తగలనివ్వండి. ముందు జాగ్రత్తగా కిలో మిశ్రమానికి రెండు చెంచాల ట్రైకోడెర్మా పొడి (కుళ్లుని అడ్డుకునే మేలుచేసే శిలీంధ్రం) కలిపితే చాలావరకు రాదు.

ఇంకో మాట. ప్యాకెట్ వెనక తేదీ చూడండి. ఒక ఏడాది ఓ కొట్లో కొన్న ఆస్టర్ విత్తనం మూడు ట్రేలు వేస్తే నాలుగు మొలకలొచ్చాయి. తీరా చూస్తే గడువు పోయి పద్నాలుగు నెలలు. అప్పటికి మళ్లీ విత్తే అదునూ పోయింది.

## 6. కుండీలోకి మార్చడం

మొలకతో వచ్చే మొదటి జతని వదిలేసి, నాలుగు నుంచి ఆరు నిజమైన ఆకులు వచ్చాక, సాయంత్రం పూట. ముందు మూడు నాలుగు రోజులు నారుని పొద్దుటి ఎండలో రోజుకి కాస్త ఎక్కువసేపు ఉంచి అలవాటు చేయండి.

బంతి నారు కాడ సాగి ఉంటే కింది ఆకుల దాకా మట్టిలోకి పెట్టేయొచ్చు, ఆ కాడకే కొత్త వేళ్లు వస్తాయి. పెటూనియాని మాత్రం ట్రేలో ఎంత లోతులో ఉందో అంతే లోతులో పెట్టండి. పన్నెండు అంగుళాల కుండీకి పెద్ద బంతి ఒకటి, చిన్న బంతి రెండు, పెటూనియా మూడు. ఇంకొకటి ఇరికిద్దామనిపిస్తుంది, ఇరికించొద్దు.

రెండు రోజులు నీడలో, తర్వాత ఎండలోకి. ఉడతలూ పావురాలూ లేత నారుని పీకేస్తాయి, పది రోజులు పాత దోమతెర ముక్క కప్పండి. కోతులున్న పేటల్లో నాకూ ఉపాయం తెలీదు.

## 7. తల తుంచడం

చెయ్యి రాదు చాలామందికి. కష్టపడి పెంచిన మొక్క తల ఎలా తెంపాలి? కానీ తెంపకపోతే ఒకటే కాడ పైకి పోయి, నెత్తిన ఒక పువ్వు పూసి, గాలికి విరుగుతుంది.

బంతికి అయిదారు జతల ఆకులు రాగానే చిట్టచివరి చిగురుని, అర అంగుళం మేర, గోటితో తుంచండి. వారంలో ప్రతి ఆకు చంకలోంచీ ఒక కొత్త చిగురు వస్తుంది. ఒక పువ్వు బదులు ఎనిమిది, పది. పూత పది, పదిహేను రోజులు వెనక్కి జరుగుతుంది. మొదటి లెక్కలో ఆ రోజులు కలిపే చెప్పాను.

పెటూనియా, డయాంథస్‌కీ ఇదే పని. ఆలస్యంగా విత్తిన బంతి జానెడు ఎత్తులోనే మొగ్గ వేస్తుంది, పొద్దు తగ్గింది కదా. ఆ మొదటి మొగ్గని తీసేయండి. గ్లాడియోలస్‌ని తుంచకూడదు. డాలియాలో పెద్ద పువ్వు కావాలంటే నడిమి మొగ్గ ఉంచి పక్క మొగ్గలు తీసేయాలి, మొక్క పెట్టిన రోజే పక్కన కర్ర పాతాలి. తర్వాత పాతితే దుంపలోకి దిగుతుంది.

## 8. చామంతి: వెలుతురే అసలు చిక్కు

చామంతి రాత్రి పొడుగుని బట్టి మొగ్గ వేస్తుంది. పొద్దు తగ్గి, రాత్రి పెరిగి, ఆ రాత్రంతా చీకటిగా ఉంటేనే.

మా డాబా మీద ఒకే తల్లి నుంచి తీసిన చామంతులు ఆరు కుండీలు. నవంబర్‌లో నాలుగు నిండా మొగ్గలు, రెండు పచ్చగా బలంగా ఉన్నాయి గానీ ఒక్క మొగ్గ లేదు. ఎరువు మార్చాను, చోటు మాత్రం మార్చలేదు. ఓ రాత్రి బట్టలు తీయడానికి పైకెళ్తే అర్థమైంది: ఆ రెండు కుండీల మీదే వీధిదీపం వెలుతురు పిట్టగోడ దాటి సరిగ్గా పడుతోంది. మర్నాడే మెట్లగది వెనక్కి జరిపాను. నెల తిరక్కుండా మొగ్గలు. అవి సంక్రాంతి దాటాక పూశాయి, అది వేరే సంగతి.

జరపడానికి చోటు లేకపోతే సాయంత్రం ఆరింటికి అట్టపెట్టె బోర్లించి, పొద్దున ఏడింటికి తీయండి. మొగ్గలు కంటికి కనపడేదాకా, మూడు నాలుగు వారాలు, ఒక్కరోజూ మానకుండా. పాయిన్‌సెట్టియాది కూడా ఇదే స్వభావం.

మిగతా క్రమం:

- జూన్, జూలైలో తల్లి మొక్క మొదట్లో వచ్చే పిలకల్ని వేళ్లతో విడదీసి నాటండి
- జూలై, ఆగస్టులో రెండు మూడుసార్లు తల తుంచండి
- ఆగస్టు ఆఖరుతో తుంచడం ఆపేయండి, ఆ తర్వాత తుంచితే మొగ్గలే పోతాయి
- వానల్లో కుండీ కింద నీళ్లు నిలవనివ్వొద్దు
- అక్టోబర్‌లో మొక్కచుట్టూ నాలుగు పుల్లలు పాతి, దారం చుట్టండి

## 9. నీళ్లు, బలం

నీళ్లు పొద్దునే. వేలు రెండు కణుపుల లోతు దించి, పొడిగా తగిలితేనే పోయండి. చలికాలంలో మట్టి ఆరడానికి టైమ్ పడుతుంది, వేసవి అలవాటుతో రోజూ రెండుపూటలా పోసి చంపేస్తాం. సాయంత్రం ఆకుల మీద పోస్తే ఆకుమచ్చ తెగులుని పిలిచినట్టే.

మొక్క మార్చిన మూడు వారాల నుంచి మొగ్గ వచ్చేదాకా: పల్లీచెక్క వంద గ్రాములు లీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, వడకట్టి, పదింతల నీళ్లు కలిపి పదిహేను రోజులకోసారి కుండీకి ఒక మగ్గు. కంపు కొడుతుంది, పక్కింట్లో చుట్టాలున్న రోజు మానుకోండి. వాసన వద్దనుకుంటే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకి రెండు గ్రాములు.

మొగ్గ కనపడగానే చెక్క నీళ్లు ఆపి పొటాష్ ఎక్కువుండే 13-0-45 ఎరువుకి మారండి, అదీ లీటరుకి రెండు గ్రాములే. చెక్క నీళ్లే కొనసాగిస్తే ఆకులు ముచ్చటగా పెరుగుతాయి, పూలు రావు. అరటితొక్క నీళ్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, కంపోస్ట్‌లో వేసుకోండి.

వాడిన పువ్వుని రెక్కలు మాత్రమే పీకకుండా, కింద ఉబ్బెత్తు బుడిపెతో సహా తుంచండి. గింజ కట్టడం మొదలైతే మొక్క పూయడం తగ్గించేస్తుంది.

## 10. ఏమైందో చూసి మందు

- లేత చిగుళ్ల నిండా పచ్చగానో నల్లగానో చిన్న పురుగులు, జిగురు: పేనుబంక. ముందు నీళ్ల పిచికారీతో గట్టిగా కొట్టి కడగండి. రెండు రోజుల తర్వాత వేపనూనె 5 మి.లీ., నాలుగు చుక్కల సబ్బునీళ్లు, లీటరు నీళ్లలో, సాయంత్రం పూట.
- మొగ్గ విచ్చుకోకుండా అంచులు గోధుమరంగు: తామర పురుగు. ఒక మొగ్గని తెల్లకాగితం మీద దులిపితే సన్నగా పాకుతూ కనపడతాయి. పాడైన మొగ్గలు తీసేసి, అయిదు రోజులకోసారి మూడుసార్లు వేపనూనె.
- ఆకు మీద తెల్ల పొడి: బూడిద తెగులు. ఆ ఆకులు తీసేయండి, కుండీలు ఎడం చేయండి. తగ్గకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు. వేపనూనె కొట్టిన రెండు వారాల దాకా గంధకం కొట్టొద్దు, ఆకులు మాడిపోతాయి.
- మట్టి తడిగా ఉన్నా మొక్క వడలిపోవడం: వేరు కుళ్లింది. ఇంకా నీళ్లు పోయకండి. కుండీ వంచి, రంధ్రం తెరిచి, నీడలో పెట్టండి. సగానికి సగం బతకవు.
- పెటూనియా మధ్యలో బోడిగా, చివర్లలో మాత్రమే పూలు: సగానికి కత్తిరించి ఒక విడత ఎరువు ఇవ్వండి. మూడు వారాల్లో మళ్లీ నిండుతుంది.

## 11. ఇది నవంబర్ ఆఖర్లో చదువుతున్నవాళ్లకి

విత్తనాల జోలికి పోకుండా నర్సరీకి వెళ్లండి. విరగబూసిన కుండీని వదిలేసి, వెనక వరుసలో మొగ్గలున్న, కురచగా గుబురుగా ఉన్న మొక్కని అడగండి. అడుగు రంధ్రంలోంచి గట్టిగా అల్లుకుని వేళ్లు బయటికొచ్చి ఉంటే అది ఎప్పటినుంచో ఆ సంచిలోనే ఉందని అర్థం.

చాలా మొక్కలు జిగట మట్టి ముద్దలో వస్తాయి. ఆ ముద్దని అలాగే మన మెత్తటి మట్టిలో పెడితే పోసిన నీళ్లన్నీ చుట్టుపక్కల నుంచి జారిపోయి, ముద్ద లోపల పొడిగా రాయిలా ఉంటుంది. పది రోజుల్లో మొక్క పోవడానికి ఇదే పెద్ద కారణం. ఇంటికి తెచ్చాక రెండు రోజులు ఆగండి. తర్వాత సంచి తీసి ముద్దని బకెట్ నీళ్లలో ముంచండి, బుడగలు ఆగేదాకా. పైపొర మట్టిని వేళ్లతో మెల్లగా రాల్చి, నడిమి వేళ్లు కదపకుండా నాటండి. విచ్చుకున్న పూలన్నీ తుంచేయండి. మనసొప్పకపోతే ఒక్కటి ఉంచుకోండి.

గులాబీ ఉన్నవాళ్లకి ఒక ముక్క: అక్టోబర్ మొదటి పదిహేను రోజుల్లో కత్తిరిస్తే ఆరేడు వారాల్లో పూత. ఇప్పుడు నవంబర్ అయినా ఎండుకొమ్మలు తీసేయొచ్చు. అంటు కట్టిన ముడి కిందనుంచి వచ్చే కొమ్మని మాత్రం మొదలంటా పీకేయండి, అది మనకి కావలసిన పువ్వివ్వదు, బలం లాగేస్తుంది.

## 12. ఫిబ్రవరి పని

బంతిలో బాగా పూసిన మొక్క మీద రెండు మూడు పూలని కోయకుండా ఎండనిచ్చి, గింజ తీసి కాగితం పొట్లంలో కట్టుకోండి. హైబ్రిడ్ ప్యాకెట్‌ది అయితే వచ్చే ఏడు అదే పువ్వు రాదు, దాచడం దండగ. గ్లాడియోలస్ ఆకులు పసుపెక్కాక దుంపలు తవ్వి, నీడలో ఆరబెట్టి, గాలి ఆడే వలసంచిలో వేలాడదీయండి. డిసెంబరాల కొమ్మల్ని సగానికి కత్తిరించండి.

చామంతిని నేలకి నాలుగైదు అంగుళాలు ఉంచి కోసేసి, వేసవంతా పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట పెట్టండి. మే నెల దాటిస్తే చాలు, జూన్ చినుకులకి పిలకలు వాటంతటవే లేస్తాయి. కోసేశాక అన్ని కుండీలూ ఒకేలా కనపడతాయి కాబట్టి రంగు పేరు రాసిన ప్లాస్టిక్ ముక్క ఒకటి గుచ్చండి. పెన్సిల్‌తో రాయండి, మార్కర్ రాత ఏప్రిల్ ఎండకే చెరిగిపోతుంది.